మూడున్నర కుటుంబాలు

చికాగో పక్కన మా నేపర్‌విల్‌లో మనుషుల్ని లెక్కపెట్టరు, కుటుంబాల్ని లెక్కపెడతారు. పుట్టినరోజు పార్టీకైనా, పార్కులో వంటకైనా, పక్క రాష్ట్రంలో జలపాతం చూడటానికైనా "ఎన్ని ఫ్యామిలీస్ వస్తున్నాయి?" అన్నదే మొదటి ప్రశ్న. మేం నాలుగు ఫ్యామిలీలం. ముప్ఫై ఏళ్ళుగా నాలుగే. పిల్లలు పుట్టినప్పుడూ నాలుగే, ఆ పిల్లలు పెరిగి తలో ఊరికీ వెళ్ళిపోయాకా నాలుగే. ఆ అంకె మీద మాకు కొంచెం గర్వం కూడా ఉండేది. నా భర్త పోయిన ఏడాదికి అది మూడున్నర అయింది.

అయినట్టు నాకెవరూ చెప్పలేదు. ఎక్సెల్ షీట్‌లో చూసుకున్నాను.

ప్రయాణాలకు షీట్ వేయడం మా గుంపులో పాత ఆచారం. ఏ రోజు ఎక్కడ, ఏ హోటల్లో ఎన్ని గదులు, ఏ కారులో ఎవరు, ఎవరి సూట్‌కేసులో రైస్ కుక్కర్, ఎవరి సూట్‌కేసులో పచ్చళ్ళు, అన్నీ అందులో ఉంటాయి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ షీట్ ఆయనే వేసేవాడు. ఆయన పోయాక ఇంకొకాయన ఆ పని నెత్తికెత్తుకున్నాడు. పెద్ద కంపెనీలో ప్రాజెక్టులు నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు నడపడానికి ప్రాజెక్టులు లేవు కాబట్టి మమ్మల్ని నడుపుతున్నాడు. ఆయన్ని ప్లానర్‌గారు అందాం. ఆయన భార్య పిల్లల డాక్టరు, నాకు ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలు. మేమిద్దరం ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటాం. మిగతా రెండు జంటల గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. ప్లానర్‌గారు ఏం చెప్పినా తలూపే జంట ఒకటి, తలూపి తర్వాత కారులో సణుక్కునే జంట ఇంకొకటి.

జోధ్‌పూర్ మా ఆయన ఎంచుకున్న ఊరు. కొండ మీద ఎర్రరాతి కోట, దాని కాళ్ళ దగ్గర నీలం రంగు ఇళ్ళు ఉన్న ఫోటో ఒకటి ఆయన కంప్యూటర్ తెర మీద ఎనిమిదేళ్ళు ఉంది. ఇద్దరం రిటైరయ్యాక నాలుగు ఫ్యామిలీలూ కలిసి వెళ్ళాలని ప్లాను. నేను ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు నుంచి లేచిన ఆరు నెలలకు ఆయన గుండె ఆగిపోయింది. అందరూ వచ్చారు, ఏడ్చారు, పదిహేను రోజులు వంతులవారీగా అన్నం తెచ్చారు. దానికీ ఒక షీట్ ఉంది. ఆ తర్వాతి శీతాకాలం "బావగారి ఆత్మశాంతి కోసమైనా జోధ్‌పూర్ వెళ్ళాలి" అన్నారు. కోట చూసి శాంతించే ఆత్మ కాదు మా ఆయనది. అయినా నేను సరేనన్నాను. నాకు ఆ కోట చూడాలని ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. పోయింది ఆయన గానీ నేను కాదని, వీళ్ళలో నా చోటు నాకుందని రూఢి చేసుకోవాలని ఉంది.

షీట్ వచ్చిన రోజే ఫోన్ చేశాను.

"అన్నయ్యగారూ, టోటల్ ఫ్యామిలీస్ త్రీ పాయింట్ ఫైవ్ అని ఉంది. ఆ పాయింట్ ఫైవ్ ఎవరండీ?"

"అది జస్ట్ ఫార్ములా కోసం చెల్లెమ్మా. రూమ్స్, కార్స్ క్యాలిక్యులేట్ చేయడానికి. నథింగ్ పర్సనల్."

"ఏడుగురం అని వేస్తే పోదా?"

"షీట్ అంతా ఫ్యామిలీ మీద సెటప్ చేసి ఉందమ్మా. ఇప్పుడు హెడ్‌కౌంట్‌కి మారిస్తే కింద టోటల్స్ అన్నీ బ్రేక్ అయిపోతాయి."

టోటల్స్ బ్రేక్ కాకూడదు కాబట్టి నేను సగం మనిషినయ్యాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ల్యాబులో కణాలు లెక్కపెట్టాను. ఎంత చెడిపోయిన కణాన్నయినా ఒకటిగానే లెక్కవేశాను. ఆ మాట ఆయనతో అనాలనిపించింది. అనలేదు. గొడవ పెట్టుకుంటే "పాపం, ఇంకా డిప్రెషన్‌లో ఉంది" అంటారని ఊరుకున్నాను.

జోధ్‌పూర్‌లో మా వాళ్ళు చేసిన మొదటి పని రైస్ కుక్కర్ పెట్టడానికి ప్లగ్గు వెతకడం. ఆ ఊళ్ళో సందు మొదట్లో ఉల్లిపాయ కచోరీలు వేడివేడిగా నూనెలోంచి తీస్తున్నారు. ఆ వాసన హోటల్ మేడ మీదికి కూడా వస్తోంది. మా వాళ్ళు మాత్రం హోటల్‌గా మార్చిన రెండు వందల ఏళ్ళ నాటి హవేలీలో, చెక్కిన రాతి కిటికీ పక్కన, చికాగో నుంచి మోసుకొచ్చిన కందిపొడి కలుపుకుని తిన్నారు. "బయట ఫుడ్ రిస్క్" అన్నాడు ప్లానర్‌గారు, పల్లెటూరి బావి నీళ్ళు తాగి పెరిగిన మనిషి. ఆ పూట నేనొక్కదాన్నే కిందికి దిగి రెండు కచోరీలు తిన్నాను. ఆ వారంలో కడుపు పాడు కానిది నాకొక్కదానికే. ఈ సంగతి ఇప్పటికీ తలుచుకుని సంతోషిస్తుంటాను.

అరగది ఇచ్చే హోటల్ ఎక్కడా లేదు కాబట్టి మేడ మీద చివర్న ఒక బుల్లి గది నాకు దొరికింది. మంచం వేశాక సూట్‌కేసు తెరవడానికి చోటు లేదు. కానీ కిటికీ తెరిస్తే ఎదురుగా కోట. మొత్తం కోట, అడ్డంగా ఒక్క తీగ కూడా లేకుండా. జంటలకిచ్చిన పెద్ద గదులు లోపలి వాకిలి వైపు ఉన్నాయి. వాళ్ళ కిటికీల్లోంచి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. ఈ అన్యాయం రెండో రోజుకి బయటపడింది. అప్పటినుంచి పొద్దున్నే ఒక్కో జంటా నా గదికి వచ్చి, నా మంచం ఎక్కి, కిటికీ ముందు భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడటం మొదలైంది. "నువ్వు బాగా తీస్తావు వదినా" అని ఫోన్ నా చేతికిచ్చేవాళ్ళు. నేను రాత్రి బట్టల్లోనే నిలబడి తీసేదాన్ని. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకోని మనుషులు కూడా ఫోన్ ఎత్తగానే అతుక్కుపోయేవాళ్ళు. తీయడం అవగానే ఎవరి చెయ్యి వాళ్ళు తీసేసుకునేవాళ్ళు.

కార్లు రెండు. మొదటిదాంట్లో రెండు జంటలు. రెండోదాంట్లో వెనక ఒక జంట, ముందు డ్రైవర్ పక్కన నేను. ఎప్పుడూ ముందు కూర్చుంటున్నానని, అందరి ఫోటోలూ తీస్తున్నానని, డ్రైవర్, హోటల్ వాళ్ళు, గైడు కలిసి నేను టూర్ మేనేజర్‌నని ఖాయం చేసుకున్నారు. "మీ గెస్ట్‌లకి టీ ఎన్ని కప్పులు మేడమ్?" అని నన్నే అడిగేవాళ్ళు. నేను కూడా ఆరు అని చెప్పి, నాకు విడిగా కాఫీ తెప్పించుకునేదాన్ని.

మూడో రోజు కోట ఎక్కాం. షీట్‌లో కోటకి రెండున్నర గంటలు. అయిదు వందల ఏళ్ళు పైబడిన కట్టడానికి అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి ప్లానర్‌గారికి మనసొప్పలేదు, మధ్యాహ్నం షాపింగ్ ఉంది కాబట్టి. లిఫ్ట్ ఉన్నా నేను నడిచే ఎక్కాను. దారి వంపులు తిరుగుతూ పోతుంది. రెండు పక్కలా గోడలు ఎంత ఎత్తంటే పగటిపూట కూడా దారి మీద నీడే. ఒక గోడ మీద ఎప్పుడో శత్రువు కొట్టిన ఫిరంగి గుండ్ల దెబ్బలకు సున్నంతో గీతలు గీసి పెట్టారు. మా తలూపే జంట దాని ముందు కూడా నిలబడి బొటనవేళ్ళు పైకెత్తింది. ఎవరు గెలిచారని ఎత్తారో నాకు తెలియదు. నేను తీశాను.

చివరి ద్వారం ఇనప ద్వారం. ఏనుగులు గుద్దకుండా తలుపుకి మేకులున్నాయి. ఆ తలుపు దాటే చోట, ఎడమచేతి పక్క గోడ మీద, వరసలుగా చేతులున్నాయి. రాతిలో ఉబ్బెత్తుగా చెక్కిన అరచేతులు. వాటికి సింధూరం పూసి, వెండి రేకు అంటించి, పైన బంతిపూల దండ వేశారు. గైడు గొంతు తగ్గించి చెప్పాడు. రాజు చనిపోతే ఆయన రాణులు ఈ ద్వారం దాటి చితి దగ్గరికి వెళ్ళారట. కోట విడిచేముందు పెట్టిన చేతుల గుర్తులట ఇవి.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కొన్ని మరీ చిన్న చేతులు. మా ల్యాబుకి బడిపిల్లలు వచ్చినప్పుడు చేతి తొడుగులు ఇచ్చేవాళ్ళం. ఆ సైజు.

"వావ్, ఎంత పవర్‌ఫుల్ ప్లేసో" అంది తలూపే జంటలో ఆవిడ. "నాకు గూస్‌బంప్స్ వచ్చేశాయి."

"దీనికి టెన్ మినిట్స్" అన్నాడు ప్లానర్‌గారు.

ఆ పది నిమిషాల్లో నా స్నేహితురాలు ఏం చేసిందో చెబుతాను. చెప్పులు విప్పింది. చేతులు జోడించింది. మన ఆడవాళ్ళకు ఎర్రగా ఏదైనా కనబడితే ఊరుకోలేరు కదా, ఉంగరం వేలితో ఆ చేతుల మీది సింధూరం కొంచెం తీసుకుంది. ముందు తన మంగళసూత్రాలకి అద్దుకుంది, తర్వాత నుదుట పెట్టుకుంది. అక్కడితో ఆగలేదు. పేరంటంలో లాగా మిగతా ఇద్దరు ఆడవాళ్ళకి కూడా పెట్టింది. వాళ్ళు వంగి మరీ పెట్టించుకున్నారు. మొగుడితో పాటు కాల్చేసిన పిల్లల చేతుల మీంచి గిల్లి తీసిన రంగుని ఐదోతనం కోసం పెట్టుకుంటున్నారు. ఈ ముగ్గురిలో ఒకావిడ డాక్టరు, ఒకావిడ కెమిస్ట్రీ పాఠాలు చెప్పింది, ఒకావిడ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసింది. ఇంత చదువూ ఇన్ని దేశాలు దాటి వచ్చి ఆ గోడ ముందు చెప్పులు విప్పింది.

తర్వాత ఆమె నా వైపు తిరిగింది. అలవాటు కొద్దీ వేలు చాచింది. ముప్ఫై ఏళ్ళుగా నాకు పెట్టిన వేలే. నా నుదుటికి జానెడు దూరంలో అది ఆగింది. వెనక్కి పోయింది. ఆమె దాన్ని చున్నీకి తుడుచుకుని, "ఒక ఫోటో తియ్యి వదినా, ముగ్గురం ఉంటాం" అంది.

నేను ఫోన్ తీసుకోలేదు.

"మరి నాకు?" అన్నాను.

గైడు తలుపు మేకుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యో వదినా, నువ్వు ఫీల్ అవుతావేమోనని" అంది. "అయినా నీకివన్నీ నమ్మకం లేదు కదా."

"మొగుడు పోయిన వాళ్ళే కదా వీళ్ళంతా. వాళ్ళ చేతులకి సింధూరం పూయొచ్చు, నాకు పెట్టకూడదా? నేను కాలలేదనా?"

"మాటలు ఎక్కడికో పోతున్నాయి" అన్నాడు ప్లానర్‌గారు. "లెట్స్ మూవ్. మ్యూజియంకి ఆల్రెడీ లేట్."

నాకు నమ్మకం లేని మాట నిజమే. బొట్టు ఉన్నా లేకపోయినా నాకు తేడా లేదు, పెళ్ళయిన కొత్తలోనే సగం రోజులు మరిచిపోయేదాన్ని. అక్కడ ఆ రంగు తీసుకోవడమే సిగ్గుమాలిన పనని కూడా నాకు తెలుసు. తెలిసి కూడా అడిగాను. నా దాకా వచ్చిన వేలు వెనక్కి పోయినందుకు అడిగాను. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. వాళ్ళ ముందు ఏడవకూడదని గోడ వైపు తిరిగాను, అక్కడేమో ఆ చేతులు.

వాళ్ళు మ్యూజియంలోకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. పల్లకీలు, అంబారీలు, కత్తులు, ఊయల మంచాలు, ఇవన్నీ అద్దాల వెనక పెట్టి ఉంటాయని విన్నాను. ఆ చేతుల్ని చూశాక రాజుగారి ఊయల చూసి మురిసిపోయే ఓపిక నాకు లేదు. ఫిరంగులు పెట్టిన బురుజు మీదికి పోయి నిలబడ్డాను. కింద నీలం ఇళ్ళు. మా ఆయన తెర మీద ఎనిమిదేళ్ళు ఉన్నవే. ఫోటోలో చప్పుడు ఉండదు. ఇక్కడ మాత్రం ఎవరో కుక్కర్ విజిల్ పెట్టారు, ఎవరో పిల్లవాణ్ణి తిడుతున్నారు, ఒక మేడ మీద ఒకావిడ దుప్పటి దులుపుతోంది. గద్దలు నా కాళ్ళ కింద ఎగురుతున్నాయి. అంత ఎత్తు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి నాకు హాయిగా అనిపించింది. షీట్ ప్రకారం నేను అక్కడ ఉండకూడదు, అందుకని ఇంకా హాయిగా అనిపించింది.

గైడు వెతుక్కుంటూ వచ్చి, "మేడమ్, మీ గెస్ట్‌లు ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

మిగతా ప్రయాణంలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా గుంపు మర్యాద అలాంటిది. అవమానం చేయడానికి ఎవరికీ మొహమాటం లేదు, దాని గురించి మాట్లాడటానికే మొహమాటం. నా స్నేహితురాలు మాత్రం నాకోసం బాంధనీ దుపట్టా కొనిపెట్టింది. మంచి దుపట్టా, బూడిద రంగుది. తను ఎరుపు కొనుక్కుంది.

తిరిగొచ్చిన మూడు వారాలకు బేస్‌మెంట్ షో జరిగింది. ఇది మా ఊళ్ళో తప్పించుకోలేని ముచ్చట. ఎవరు ఏ దేశం తిరిగొచ్చినా, ఒక శనివారం మధ్యాహ్నం తెలిసినవాళ్ళనందరినీ ఇంటి కింది గదిలో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ వేస్తారు. తిండి ఇంటికొక ఐటమ్. దానికీ షీట్. బిర్యానీ ఒకరు, పులిహోర ఒకరు, గులాబ్‌జామూన్ ఒకరు. నా వరస దగ్గర "పేపర్ ప్లేట్స్, కప్స్" అని ఉంది. పక్కన సున్నా పాయింట్ అయిదు. గుత్తివంకాయ కూర నాతో వండించుకోవడానికి ఒకప్పుడు తేదీలు మార్చుకున్న మనుషులు వీళ్ళు. నేను ప్లేట్లు కొనుక్కుని వెళ్ళాను. నా చోటు ఇంకా మిగిలిందో లేదో చూడాలని ఉన్నట్టుంది.

నాలుగు వందలకు పైగా ఫోటోలు. ప్లానర్‌గారు లేజర్ చుక్కతో చూపిస్తూ వ్యాఖ్యానం చెప్పాడు. కోట కట్టించిన రాజు ఎవరో, కొండ ఎత్తు ఎంతో, అన్నీ గైడు చెప్పినవే, కొంచెం తప్పుగా. చేతుల గోడ ముందు ముగ్గురు ఆడవాళ్ళూ నవ్వుతున్న ఫోటో వచ్చింది. అది నేను తీయనిది, తలూపే ఆయన తీశాడు, వంకరగా ఉంది. "ఇక్కడ మేం బ్లెసింగ్స్ తీసుకున్నాం" అని నా స్నేహితురాలు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. చూసేవాళ్ళు ఆహా అన్నారు.

అంతా అయ్యాక ప్లానర్‌గారి అమ్మాయి నా పక్కకి వచ్చి కూర్చుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ముప్ఫై నిండలేదు, మంచిది. మనసులో ఉన్నది దాచడం ఇంకా నేర్చుకోలేదు.

"ఆంటీ, మీరు ట్రిప్‌కి వెళ్ళలేదా? ఐ థాట్ యు వెంట్. ఒక్క పిక్చర్‌లో కూడా లేరు."

"ఆంటీయే కదమ్మా ఫోటోగ్రాఫర్!" అన్నాడు వాళ్ళ నాన్న, గది మొత్తానికి వినబడేలా. "నెక్స్ట్ టైమ్ క్రెడిట్స్‌లో వేద్దాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను నేను అంత అసహ్యించుకున్న నవ్వు ఇంకోటి లేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని మా ఆయన లాప్‌టాప్ తెరిచాను. నిర్ణయం అయిపోయింది. గుంపులోంచి తప్పుకుంటున్నాను, ఊరికే కాదు, నాలుగు మాటలు అని మరీ. దానికి రుజువుగా మా ఆయన వేసిన పాత షీట్లు పెడదామనుకున్నాను. ఇన్నేళ్ళు మా ఇంట్లోంచి షీట్ వెళ్ళింది, ఎప్పుడైనా ఒక మనిషిని సగం చేశామా, చూసుకోండి అని. మెసేజ్ కూడా మనసులో రాసేసుకున్నాను. బాగా వచ్చింది.

ఫైళ్ళు సంవత్సరాల వారీగా సర్ది ఉన్నాయి. మా ఆయన పద్ధతి అది. యెల్లోస్టోన్ వెళ్ళినప్పటి షీట్ తెరిచాను, అది పెద్ద ప్రయాణం కాబట్టి. అడుగున టోటల్ ఫ్యామిలీస్ దగ్గర నాలుగున్నర అని ఉంది.

పైకి చూశాను. అయిదో వరసలో ఒక ఆడమనిషి పేరు, పక్కన సున్నా పాయింట్ అయిదు. ఆ గడి మూలన చిన్న ఎర్ర గుర్తు, ఎవరో వ్యాఖ్య రాసినట్టు. దాని మీద బాణం పెట్టగానే నా పేరుతో తెరుచుకుంది. "తనకి హాఫ్ వేద్దాం. రూమ్‌లో ఎక్స్‌ట్రా బెడ్ చాలు. ఫుడ్ ఐటమ్ ఇవ్వొద్దు, పేపర్ ప్లేట్స్ తెమ్మందాం."

కాఫీ చల్లారిపోయింది. నాలుగే, ముప్ఫై ఏళ్ళుగా నాలుగే అని పైన నేనే రాశాను. అబద్ధం చెప్పాలని రాయలేదు. నిజంగానే నాకు గుర్తులేదు. కరీంనగర్ పిల్ల, మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో ఉండేది. భర్తతో విడిపోయి వచ్చింది. మూడేళ్ళు మాతో తిరిగింది. నన్ను అక్కా అనేది. తర్వాత కాలిఫోర్నియాలో డబ్లిన్‌కి ఉద్యోగం మారి వెళ్ళిపోయింది, మేం ఒక కేక్ కోసి పంపించాం. ఆమె ఎందుకు వెళ్ళిందని మాలో ఎవరూ అడగలేదు.

ఆ అంకె వేసిన రోజు ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. మా భోజనాల బల్ల దగ్గర మా ఆయన షీట్ వేస్తున్నాడు, నేను భుజం మీదుగా చూస్తున్నాను. నేను రాసిన వ్యాఖ్య చూసి "సగం మనిషేంటే?" అన్నాడాయన. "ఫార్ములా కోసమే లెండి" అన్నాను. ఆయన పాపం టైపు చేశాడు. ప్లానర్‌గారు కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. మా ఇంటి షీట్‌నే కాపీ చేసుకుని పేర్లు మార్చాడు. ఆయనకంత తెలివి ఉందని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. యెల్లోస్టోన్ ఫోటోలు కూడా ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. తెరవలేదు. తెరిస్తే ఆమె ఎన్నింట్లో ఉంటుందో నాకు తెలుసు.

పాత నంబరు ఫోన్‌లో ఇంకా ఉంది. రెండు గంటలు ఆగి, అక్కడ తెల్లవారాక చేశాను.

"ఎవరూ... అక్కా, నువ్వా? మంచిగున్నవా? సార్ పోయిండని విన్న. ఫోన్ చేద్దామనుకున్న, చెయ్యలే."

నేను పరామర్శలు పూర్తి కానివ్వలేదు. ధైర్యం పోతుందని భయం. జోధ్‌పూర్ సంగతి, మూడున్నర సంగతి, గోడ దగ్గర జరిగింది, ప్లేట్లు, పొద్దున షీట్‌లో చూసింది, అన్నీ చెప్పాను.

"నువ్వు అప్పట్లో ఆ షీట్ చూశావా?" అన్నాను.

"చూసిన. నాకు గూడ షేర్ చేసిండ్రు కదా అక్కా. నువ్వు రాసిన కామెంట్ గూడ చదివిన."

"మరి ఒక్క మాట అనలేదేం?"

"ఏమంటనక్కా? ఆడ నాకు మీరు తప్ప ఇంకెవరున్నరు అప్పుడు? ప్లేట్లు తెమ్మన్నరు, తెచ్చిన. పెద్ద ప్యాకెట్ తెచ్చిన, తక్కువైతే మళ్ళ అంటరని."

క్షమించమని అడిగాను. ఆ మాట తెలుగులో ఎప్పుడూ ఎవరినీ అడగలేదు నేను. నోట్లోంచి నాటకంలో మాటలా వచ్చింది. ఆమె "అయిపోయింది తీ" అంది. అది క్షమించడం కాదని గొంతులోనే తెలిసింది.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ నేను ఎవరినైనా బాధపెడితే వెంటనే ఒక ఏర్పాటు చేసేసి సర్దుకునే మనిషిని. మా గుంపంతా అంతే.

"నేను మార్చిలో మళ్ళీ జోధ్‌పూర్ వెళ్దామనుకుంటున్నాను. తీరిగ్గా చూద్దాం. నువ్వు కూడా రారాదూ? మనిద్దరం వెళ్దాం."

అటునుంచి కారు తలుపు వేసిన చప్పుడు వినబడింది.

"ఎందుకక్కా?" అంది. "రెండు సగాలు గలిపి ఒక ఫ్యామిలీ జేస్తవా?"

నేను చల్లారిన కాఫీ కప్పు పక్కకి జరిపాను.

"నేనప్పుడు గూడ పూరా మనిషినే అక్కా. నీకే సగం గనవడ్డ." ఆమెకి కోపం లేదు. నాకు తెలియని ఊరికి దారి చెబుతున్నట్టు చెప్పింది. "సరే, గుడికి పోవాలె, కార్‌ల కూసున్న. పెడ్త మరి."

ఫోన్ పెట్టేసింది. మెసేజ్ పంపే ఉద్దేశం నాకు పోయింది. ఎవరిని ఏమని అంటాను? షీట్ తెర మీద ఇంకా తెరిచే ఉంది. అయిదో వరసకి వెళ్ళి, ఆ సున్నా పాయింట్ అయిదు చెరిపేసి, ఒకటి వేశాను. కింద టోటల్స్ ఏవీ బ్రేక్ కాలేదు. నాలుగున్నర పోయి అయిదు వచ్చింది. ఒక్క సెకను కూడా పట్టలేదు.